22-ఏ జాబితాలో పడ్డ జిరాయితీ మెట్ట: 2015 ఫుల్ బెంచ్ తీర్పు చూపిస్తే రిజిస్ట్రేషన్ చేస్తారా?

గరువు_రైతు:
అందరికీ నమస్కారం. మాది 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలో కలిసిన మండలం. సర్వే నంబరు 87/4లో ఎకరా నలభై సెంట్ల మెట్ట ఉంది. తాతగారి పేరున సెటిల్‌మెంటు పట్టా, నాన్నగారి పేరున పాత పాసుపుస్తకం, శిస్తు రసీదులు ఉన్నాయి. 1బీలో (రెవెన్యూ హక్కుల రికార్డు) ఇప్పటికీ నాన్నగారి పేరే. అది చెల్లెలికి దాన సెటిల్‌మెంటు రాద్దామంటే, నంబరు 22-ఏలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉంది, కుదరదని రిజిస్ట్రేషన్ ఆఫీసులో నోటిమాటగా చెప్పారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. రెవెన్యూ వాళ్ళనడిగితే జాబితా పైనుంచి వెళ్ళిందంటున్నారు.

2015లో హైకోర్టు ఫుల్ బెంచ్ దీనిమీద తీర్పు ఇచ్చిందని, రిజిస్ట్రారు హక్కు పత్రాలు అడగకూడదని 2025లో సుప్రీంకోర్టు చెప్పిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ రెండూ ప్రింటు తీసి చూపిస్తే పనవుతుందా? లేక నేరుగా హైకోర్టుకే వెళ్ళాలా? ఎవరికి ఏటి రాయాలో తెలిసినవారు చెప్పండి. ఊళ్ళో మాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు.

నేలపాడు_వకీలు:
తీర్పు ప్రింటు చూపిస్తే పనవదు. అయితే ఆ తీర్పు లేకుండానూ పనవదు. అందులో మీకు పనికొచ్చేది ఏమిటో ముందు విడదీసుకోవాలి.

రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ ఇప్పుడున్న రూపంలో 2007లో మన రాష్ట్రం చేర్చుకున్నది. దానికి ముందు రాజస్థాన్‌లో ఇలాంటి సెక్షనే ఒకటి ఉండేది. 'ప్రజా విధానానికి విరుద్ధం' అన్న ఒక్క మాటతో రిజిస్ట్రేషన్ ఆపే అధికారం ప్రభుత్వానికిచ్చింది. ఆ మాటకు హద్దూ అదుపూ లేదని 2005లో బసంత్ నహతా కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే 2007 నాటి మన సెక్షన్‌లో ఏయే ఆస్తులో ఐదు క్లాజులుగా విడగొట్టి రాశారు. (ఏ) ఏదైనా చట్టం బదిలీని నిషేధించిన భూమి. డి-పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు) ఎక్కువగా ఇందులోకే వస్తాయి. (బి) కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత ఆస్తి. (సి) దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు. (డి) సీలింగులో మిగులుగా తేల్చిన భూమి. (ఇ) ప్రభుత్వానికో స్థానిక సంస్థలకో ప్రయోజనం ఉందని గెజిట్‌లో ప్రత్యేకంగా నోటిఫై చేసినవి, కోర్టు జప్తులో ఉన్నవి వగైరా.

2015 డిసెంబరు 23న ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్, వింజమూరి రాజగోపాలాచారి కేసులో, ఈ ఐదింటినీ ఎలా అమలు చేయాలో మార్గదర్శకాలిచ్చింది. చాలామంది అనుకుంటున్నట్టు జాబితా మొత్తం చెల్లదని అనలేదు. (ఏ) నుంచి (డి) వరకు గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదంది. జాబితా అధికారికంగా అందితే సబ్ రిజిస్ట్రారు తిరస్కరించడం సబబేనని కూడా చెప్పింది. ఈ వాక్యం ప్రభుత్వం వైపు న్యాయవాది ప్రతి కేసులోనూ చదువుతారు. మీరు ఆ తీర్పు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడితే అదే పేజీ మీకు తిప్పి చూపిస్తారు.

మరి మీకు పనికొచ్చేది? జాబితా పంపే అధికారి ప్రతి ఆస్తికీ ఎదురుగా అది ఏ క్లాజు కిందకు వస్తుందో స్పష్టంగా రాయాలి. (ఏ) అయితే ఏ చట్టం ప్రకారం నిషేధమో చెప్పాలి. (బి) అయితే ఏ ప్రభుత్వానిదో చెప్పాలి. (సి), (డి)లకు ఆ రిజిస్టరు నకలో, గెజిటో, సీలింగు ఉత్తర్వో జతచేయాలి. జాబితాలు వెబ్‌సైటులో పెట్టాలి. జాబితాలో పడ్డవాడు తీసెయ్యమని గానీ సరిచెయ్యమని గానీ ఆ అధికారికే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అధికారి ఆరు వారాల్లో ఉత్తర్వు ఇచ్చి నకలు చేతికివ్వాలి. (ఇ) వారికి వేరే దారి ఉంది, ప్రభుత్వం వేసే కమిటీ ముందుకు వెళ్ళాలి. వీటన్నిటికీ తోడు సివిల్ కోర్టు తలుపు కూడా తెరిచే ఉంచింది.

కాబట్టి మొదటి పని, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల విభాగం తెరిచి జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని మీ నంబరుకు ఎదురుగా ఏ క్లాజు ఉందో, విస్తీర్ణం ఎంత చూపారో, రిమార్కులో ఏముందో చూడండి. ఆ వరస ఇక్కడ పెట్టండి. క్లాజు తెలియకుండా రాసిన అర్జీ తప్పు బల్లమీదకు పోతుంది, ఆరు వారాల లెక్క మొదలే కాదు.

2025 తీర్పు సంగతి. అది కె. గోపి కేసు, తమిళనాడు రిజిస్ట్రేషన్ నియమాల్లోని 55-ఏ(i) గురించి. రాసిచ్చేవాడికి హక్కుందో లేదో తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదన్న సూత్రం అందరికీ వర్తిస్తుంది. కానీ అది మన 22-ఏ జోలికి వెళ్ళలేదు. జాబితాలో ఉన్న నంబరుకు ఆ తీర్పు చూపిస్తే లాభం లేదు.

పాత_అడంగల్:
చట్టం గురించి పైన చెప్పారు, నేను రికార్డుల గురించి చెబుతాను. ఇలాంటి అర్జీలు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే.

1బీ, పాసుపుస్తకం, శిస్తు రసీదు, ఈ మూడూ పెట్టి జిరాయితీ (సొంత పట్టా భూమి) అని నిరూపించామనుకుంటారు. 1బీ ఇటీవలి రికార్డు. ప్రభుత్వ భూమి అని చెప్పే అధికారి చూసేది మూల రికార్డు. రాజాం వైపు ఊళ్ళు చాలావరకు బొబ్బిలి సంస్థానం కిందివి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద సర్వే, సెటిల్‌మెంటు జరిగి రైత్వారీ పట్టాలిచ్చారు. అక్కడ మూలం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అందరూ ఎస్‌ఎఫ్‌ఏ అనేది. పూర్వం నుంచీ రైత్వారీ అయిన, అంటే జమీందారు లేకుండా రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన ఊళ్ళకైతే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు). మీ తాతగారి పట్టా ఆ 1948 చట్టం సెక్షన్ 11 కింద ఇచ్చిందే అయ్యుంటుంది. పట్టా మీద నంబరు, తేదీ చూసి, ఎస్‌ఎఫ్‌ఏలో ఆ సబ్ డివిజన్‌కు ఎదురుగా ఆయన పేరుందో లేదో ధ్రువీకృత నకలు తీయించండి. ఆ ఒక్క పేజీ ఉంటే మిగతావన్నీ దాని వెనక నడుస్తాయి.

నకలు ఎక్కడ దొరుకుతుందన్నది మన రెండు జిల్లాల్లో చిక్కైన విషయం. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖ నుంచి విడిపోయింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. బొబ్బిలి, చీపురుపల్లి వైపు తాలూకాలు శ్రీకాకుళం నుంచి, విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట విశాఖ నుంచి వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాజాం, వంగర, రేగిడి, సంతకవిటి ఇటు కలిశాయి. మీ మండలం దస్త్రం తహశీల్దారు దగ్గర లేదంటే 'లేదు' అన్న మాటతో వెనక్కి రావద్దు. విజయనగరం కలెక్టరేటు, శ్రీకాకుళం కలెక్టరేటు రెండు చోట్లా రికార్డు గదికి నకలు అర్జీ పెట్టండి. పక్కనే సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. మండల స్థాయిలో రుసుము ఐదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రికార్డు లేదని రాతపూర్వకంగా వచ్చినా అది మీకు సాక్ష్యమే. ప్రభుత్వ భూమి అన్నవాళ్ళు దేన్ని చూసి అన్నారని రేపు కోర్టు అడుగుతుంది.

దాంతోపాటు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకోండి. 87లో ఎన్ని సబ్ డివిజన్లున్నాయి, వాటిలో ఏది ప్రభుత్వానిది అన్నది అందులోనూ ఎస్‌ఎఫ్‌ఏలోనూ కలిపి చూస్తే తేలుతుంది. నేను అనుమానించేది అదే. ఒక సబ్ డివిజన్ పోరంబోకు అయితే మొత్తం నంబరునే జాబితాలో ఎక్కించేయడం మన దగ్గర చాలా మామూలు.

మీ ఊరు రీసర్వే అయ్యిందా? అయితే పాత నంబరు పోయి ఎల్‌పీఎం (రీసర్వేలో ఇచ్చిన ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. అర్జీలో రెండూ రాయాలి. పాత నంబరు తీసేసి ఎల్‌పీఎం వదిలేస్తే కంప్యూటరులో తాళం అలాగే ఉంటుంది.

చీపురుపల్లి_లేఖరి:
దస్తావేజు వైపు నుంచి నాలుగు మాటలు. నోటిమాట తిరస్కరణ చట్టంలో లేదు. సెక్షన్ 71 ప్రకారం తిరస్కరిస్తే కారణాలు రెండో నంబరు పుస్తకంలో రాయాలి, దస్తావేజు మీద 'రిజిస్ట్రేషన్ తిరస్కరించబడింది' అని రాయాలి, అడిగితే ఆ కారణాల నకలు ఉచితంగా ఇవ్వాలి. దస్తావేజు దాఖలు చేయకుండా ఇవేవీ రావు. పీ నంబరు (పెండింగు నంబరు) వేసి పక్కన పెట్టడం కూడా తిరస్కరణ కాదు.

అలాగని ఇప్పుడే స్టాంపు కట్టి సంతకాలు చేయించేయకండి. సంతకం చేసిన తేదీ నుంచి నాలుగు నెలల్లో దాఖలు చేయాలి (సెక్షన్ 23). దాటితే మరో నాలుగు నెలల వరకు అపరాధ రుసుముతో వీలుంది. అది రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల దాకా పోవచ్చు. జాబితా పని తేలకముందే దస్తావేజు తయారుచేసి ఈ గడువు చేతులారా పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. ముందు అర్జీ, ఆ తరవాతే దస్తావేజు.

తిరస్కరణ ఉత్తర్వు చేతికొస్తే ముప్పై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు (సెక్షన్ 72). అక్కడా కాదంటే ముప్పై రోజుల్లో సివిల్ దావా (సెక్షన్ 77). మీ సబ్ డివిజన్ జాబితాలో అసలు లేకపోయినా, క్లాజు రాయకుండా నంబరు మాత్రమే ఉన్నా అప్పీలులో పసుంటుంది. క్లాజుతో సహా జాబితాలో ఉంటే జిల్లా రిజిస్ట్రారు కూడా ఏమీ చేయలేరు.

ఇంకొక్కటి, దయచేసి వినండి. ఈలోగా నోటరీ కాగితం మీద రాసుకోవడం, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చేయడం చేయొద్దు. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టరు కాని కాగితంతో మీ చెల్లెలికి హక్కు రాదు. జీపీఏతో హక్కు బదిలీ కాదని 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

సంతకవిటి_తమ్ముడు:
అన్నయ్యా, దీనికంటే తేలిక దారి ఉంది కదా. 2023 సవరణలో ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు ఇస్తామన్నారు. దాని కింద పెట్టుకుంటే 22-ఏ నుంచి వాళ్ళే తీసేస్తారు కదా?

నేలపాడు_వకీలు:
తమ్ముడూ, ఆ సలహా ఇక్కడ ప్రమాదం. ఆ సవరణ 1977 నాటి అసైన్డ్ భూముల చట్టానికి చేసింది. అంటే ప్రభుత్వం పేదలకు డి-పట్టాగా ఇచ్చిన భూమికి. వీళ్ళది సెటిల్‌మెంటు పట్టా. దాని కింద దరఖాస్తు పెడితే 'మాది అసైన్డ్ భూమే' అని సొంత సంతకంతో ఒప్పుకున్నట్టు. రేపు రిట్‌లో ఆ దరఖాస్తునే ఎదురు పెడతారు. పైగా ఆ పథకం కింద జరిగిన రిజిస్ట్రేషన్లలో అక్రమాలున్నాయని 2024లో కొత్త ప్రభుత్వం వాటిని ఆపి విచారణకు ఆదేశించింది. నిజంగా డి-పట్టా ఉన్నవాళ్ళు కూడా ముందు పట్టా తేదీ చూసుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదన్న షరతు లేదు. వాళ్ళ వాదన పూర్తిగా వేరు, ఇంకా బలమైనది.

చుక్కల భూముల చట్టం (2017) కూడా అంతే. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు గడిలో చుక్కలున్న భూములకది. ఎస్‌ఎఫ్‌ఏలో పేరున్న రైతుకు దాంతో పనిలేదు.

గరువు_రైతు:
అందరికీ ధన్యవాదాలు. జాబితా చూశాను. 'సర్వే నంబరు 87, విస్తీర్ణం 6.32 ఎకరాలు, 22-ఏ(1)(బి), గెడ్డ పోరంబోకు' అని ఉంది. సబ్ డివిజన్ లేదు. ఎఫ్‌ఎంబీలో చూస్తే 87/1 మాత్రమే గెడ్డ (వాగు), రెండు ఎకరాల పది సెంట్లు. 87/2 నుంచి 87/5 వరకు రైతులవి. రీసర్వే అయ్యింది, మాకు విడి ఎల్‌పీఎం ఉంది. గెడ్డ మా పొలానికి తూర్పు హద్దు. ఇప్పుడు అర్జీ ఎలా రాయాలి? నలుగురం కలిసి పెట్టొచ్చా?

పాత_అడంగల్:
అనుకున్నదే. ఇక మీ పని సగం తేలికైంది. అడగాల్సింది జాబితా నుంచి 87 తొలగించమని కాదు. 87ని 87/1గా, 6.32ని 2.10గా సవరించమని అడగండి. మొత్తం నంబరు తీసెయ్యమంటే గెడ్డ కూడా పోతుంది, అది ఏ అధికారీ చేయడు, చేయకూడదు కూడా.

అర్జీకి ముందు మండల సర్వేయరుతో హద్దులు కొలిపించి, గెడ్డ హద్దు స్పష్టంగా చూపే స్కెచ్చి తీసుకోండి. గెడ్డ పక్క మెట్టల్లో ఐదో పదో సెంట్లు లోపలికి జరిగి సాగు చేసుకుంటూ ఉండటం మామూలు. మీ కొలతలో అలా ఉంటే ముందే వదిలేసి, పట్టా విస్తీర్ణం వరకే అడగండి. ఆ ఐదు సెంట్ల కోసం పంతం పడితే మిగతా ఎకరా ముప్పై ఐదు సెంట్లు కూడా ఆగిపోతుంది.

నలుగురూ ఒకే కవరులో పెట్టొచ్చు గానీ ఎవరి అర్జీ వాళ్ళదిగా, ఎవరి ఎస్‌ఎఫ్‌ఏ పేజీ వాళ్ళు జతచేసి పెట్టండి. ఒకరి పత్రంలో లోపముంటే అందరి ఫైలూ ఆగకుండా ఉంటుంది.

నేలపాడు_వకీలు:
అర్జీ జిల్లా కలెక్టరుకు. నకళ్ళు ఆర్డీవో, తహశీల్దారు, సబ్ రిజిస్ట్రారు, జిల్లా రిజిస్ట్రారుకు. విషయంలోనే 'వింజమూరి రాజగోపాలాచారి కేసు ఫుల్ బెంచ్ తీర్పు ప్రకారం 22-ఏ(1)(బి) జాబితా సవరణకు దరఖాస్తు' అని రాయండి. లోపల ఒక పేజీ చాలు. పట్టా నంబరు, తేదీ, ఎస్‌ఎఫ్‌ఏ నకలు, ఎఫ్‌ఎంబీ, స్కెచ్చి, 1బీ, జాబితా ప్రింటు వరసగా జతచేసి, ఆరు వారాల్లో కారణాలతో ఉత్తర్వు ఇవ్వమని కోరండి. సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. అదే అర్జీ స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువుతో సహా మళ్ళీ పంపండి. వేదికలో ఇచ్చిన అర్జీలు కిందికి పంపి 'పరిష్కరించాం' అని మూసేసే వీలుంది. పోస్టు రసీదు మీదే ఆరు వారాల లెక్క గట్టిగా నిలుస్తుంది.

జవాబు రాకపోతేనే హైకోర్టు. ఎందుకంటే అర్జీ పెట్టకుండా నేరుగా రిట్ వేస్తే సాధారణంగా వచ్చే ఉత్తర్వు 'అర్జీ పెట్టుకోండి, పరిశీలిస్తారు' అని. అంత దూరం వెళ్ళి తెచ్చుకునేది ఇంట్లో కూర్చుని చేయగలిగిందే. ఆరు వారాలు దాటాక వెళితే జాప్యం చట్టవిరుద్ధమనే వాదన చేతిలో ఉంటుంది. ఆర్టికల్ 226 కింద రిట్‌లో రెవెన్యూ ప్రిన్సిపల్ కార్యదర్శి, కలెక్టరు, ఆర్డీవో, తహశీల్దారు, సబ్ రిజిస్ట్రారు అందరినీ ప్రతివాదులుగా చేర్చాలి. సబ్ రిజిస్ట్రారును మర్చిపోతే, జాబితా సవరించినా రిజిస్ట్రేషన్‌కు మళ్ళీ ఇంకో ఉత్తర్వు కావాలంటారు. కోరికల్లో జాబితా సవరణ, ఆ తరవాత దస్తావేజు స్వీకరించి, రిజిస్టరు చేసి, విడుదల చేయాలన్నవి రెండూ ఉండాలి.

ఉత్తర్వు వచ్చాక దాన్ని ఎవరూ పంపరు. ధ్రువీకృత నకలు మీరే కలెక్టరుకు, సబ్ రిజిస్ట్రారుకు పోస్టులో పంపాలి. 'నకలు అందిన తేదీ నుంచి' అని గడువు రాస్తారు కాబట్టి మీరు పంపేదాకా గడువు మొదలవదు. అమలు కాకపోతే ధిక్కార పిటిషన్ ఏడాదిలోపు వేయాలి, ధిక్కార చట్టం సెక్షన్ 20. ఏళ్ళ తరబడి కోర్టు ఉత్తర్వు పెట్టెలో పెట్టుకున్నవాళ్ళకు ఈ ఏడాది గడువు దాటిపోయి ఆ దారి మూసుకుపోతుంది.

ఒకవేళ కలెక్టరు 'ఎస్‌ఎఫ్‌ఏ ప్రకారం 87/4 కూడా ప్రభుత్వానిదే' అని కారణాలతో తిరస్కరిస్తే దారి మారుతుంది. హక్కు వివాదాన్ని రిట్‌లో తేల్చరు, సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాలి. ప్రభుత్వం మీద దావాకు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ముందు ఇవ్వాలి. మీ కాగితాలు చూస్తే అంతదాకా రాకూడదు.

సంతకవిటి_తమ్ముడు:
తీర్పు వచ్చి పదేళ్ళు. ప్రతి ఆస్తికీ క్లాజు రాయాలి అని అప్పుడే చెబితే ఇప్పటికీ రైతే తిరగాలా? ఇలాంటి జాబితా వల్ల ప్రజలకు ఒరిగిందేటి?

పాత_అడంగల్:
ఆవేదన న్యాయమే. కానీ జాబితాను వద్దనలేం. గెడ్డలు, చెరువు గట్లు, శ్మశానాలు అమ్ముడుపోకుండా ఇన్నాళ్ళు నిలిచినవాటిలో చాలావాటికి కాపలా ఇదే. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని 2011లో జగ్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. 87/1 జాబితాలో ఉండాల్సిందే. తప్పంతా ఒక గడిలో '/1' వదిలేయడంలో ఉంది. నంబరు మొత్తం ఎక్కించడం రాసేవాడికి సుళువు, దాని బరువు నలుగురు రైతుల మీద పడింది. మీ ఊరి జాబితా మొత్తం ప్రింటు తీసి, సబ్ డివిజన్ లేని నంబర్లన్నీ గుర్తుపెట్టి, గ్రామసభలో తీర్మానంగా పెట్టించండి. ఒక్కొక్కరు హైకోర్టుకు పోవడం కన్నా తహశీల్దారు ఒకే ప్రతిపాదనగా పైకి పంపడం అధికారులకూ తేలికే.

చీపురుపల్లి_లేఖరి:
సవరణ ఉత్తర్వు రాగానే దస్తావేజుకు తొందరపడకండి. ఉత్తర్వు వేరు, కంప్యూటరులో తాళం తీయడం వేరు. నిషేధిత ఆస్తుల పేజీలో పాత నంబరుతో ఒకసారి, ఎల్‌పీఎం నంబరుతో ఒకసారి వెతికి, రెండింటిలోనూ మీ విస్తీర్ణం రావడం లేదని చూసుకున్నాకే స్లాట్ తీసుకోండి. దస్తావేజు షెడ్యూలులో రెండు నంబర్లూ, తూర్పు హద్దుగా '87/1 గెడ్డ' అనీ రాయించండి. సవరణ ఉత్తర్వు నంబరు, తేదీ కూడా దస్తావేజు లోపల ఒక వాక్యంగా పెట్టించండి. రేపు మీ చెల్లెలు బ్యాంకులో తాకట్టు పెట్టినా, పాత జాబితా ప్రింటు ఎవరు చూపించినా, జవాబు ఆ దస్తావేజులోనే ఉంటుంది.